శ్రీకారం జాగా

మా ఆఫీసులో అందరికంటే నెమ్మదిగా పనిచేసే మనిషి సాజియా. ఈ మాట ఆమె ఎదుటే అంటాను, నవ్వి ఊరుకుంటుంది. పక్క కుర్చీలో అవినాష్ ఒక పని మొదలుపెట్టి, చెడగొట్టి, బాగుచేసి, టీ కూడా తాగి వచ్చేలోపు ఈమె తను రాసిన నాలుగు లైన్లను ఇంకోసారి చదువుకుంటూ ఉంటుంది. మనసులో కాదు, పెదవులు కదుపుతూ. నా పేరు మధులత, ఊరు బద్వేలు. మా ఇంట్లో అన్నం కూడా వెనకాల ఎవరో తరుముతున్నట్టు తింటాం. అందుకని మొదట్లో ఈ పిల్లను చూస్తే నాకు ఒళ్ళు మండేది. ఇప్పుడు మండదు. ఆ నెమ్మదే లేకపోయి ఉంటే వాళ్ళమ్మ మాబీ కన్ను ఏమయ్యేదో నాకు తెలుసు కాబట్టి.

కర్నూలులో ఒక బట్టల షాపు పై అంతస్తులో మా కంపెనీ. చిన్నదే. ఆసుపత్రులు, స్కానింగ్ సెంటర్లు, విత్తనాల వ్యాపారులు తమ ప్రోగ్రాములను మా మెషిన్లలో నడుపుకుంటారు. నేను ఫోన్లు ఎత్తుతాను, అంటే తిట్లు తినడం నా శాఖ. అవినాష్ ప్రోగ్రాములు ఎక్కిస్తాడు. వాటి సరుకు దాచుకోవడానికి జాగా చూపించడం సాజియా పని.

ఆ పనేమిటో నాకు తలకెక్కడానికి చాలా రోజులు పట్టింది. మా దగ్గర ప్రోగ్రాములు ఒక మెషిన్ అని నమ్ముకుని ఉండవు. ఒక్కోటి ఒక్కో కంటెయినర్‌లో కూర్చుంటుంది. కుబర్నెటీస్ అనే పెత్తందారు వాటిని ఈ మెషిన్ నుంచి ఆ మెషిన్‌కు తోలుతూ, జబ్బు చేసిన దాన్ని తీసేసి కొత్తదాన్ని నిలబెడుతూ ఉంటాడు. కంటెయినర్ పోతే దాని లోపలున్నదంతా దానితోనే పోతుంది. కాబట్టి దాచుకోవాల్సింది ఏదైనా బయట దాచుకోవాలి. ప్రోగ్రాము 'నాకు ఇంత జాగా కావాలి' అని అర్జీ పెట్టుకుంటుంది. ఆ అర్జీ చూసి ఏ డిస్కులో ఎంత ఇవ్వాలో, ఎన్ని నకళ్ళు ఉంచాలో సాజియా రాసిన స్క్రిప్టులు, అంటే మెషిన్లకు రాసిపెట్టిన ఆజ్ఞలు, చెబుతాయి.

అన్నిటికంటే ముఖ్యమైన మాట ఒకటి ఆ స్క్రిప్టులో ఉంటుంది. అర్జీ రద్దయిన రోజు జాగాలోని సరుకును ఏం చేయాలి? రిటైన్ అని రాస్తే అట్టే ఉంచుతుంది. డిలీట్ అని రాస్తే జాగాను సరుకుతో సహా తుడిచేస్తుంది. ఏమీ రాయకపోతే మా మెషిన్లు డిలీట్ అనే అనుకుంటాయి. అద్దెకున్నవాళ్ళు ఖాళీ చేస్తే, వాళ్ళు బీరువాలో మరిచిపోయిన నగలతో పాటు ఇల్లే కూల్చేసే ఓనరు అన్నమాట. సాజియా రోజంతా పెదవులు కదుపుతూ చదువుకునేది ఇలాంటి మాటలనే.

ఆమెది నందికొట్కూరు. రోజూ బస్సులో వచ్చి పోతుంది. తండ్రి ఖాజా మొహిద్దీన్ కాలిపోయిన బోరు మోటార్లకు వైండింగ్ చుడతాడు. ఎండాకాలంలో ఆయన షాపు ముందు రైతులు నిలబడి కేకలు పెడుతుంటే, చుట్టిన మోటారును తొట్టిలో ముంచి తనే నడిపి చూసుకుంటే గానీ ఇవ్వడట. కూతురికి ఆ నెమ్మది అక్కడి నుంచే వచ్చిందని నా అనుమానం. తల్లి మాబీ చీరలకు ఫాల్స్ కుడుతుంది, జాకెట్లకు హుక్కులు వేస్తుంది. ఆమె నోరు పదునైనది. నేను వాళ్ళింటికి వెళితే చాలు, ఆ తల్లీకూతుళ్ళ వాదన వినడానికే ఇంకో కప్పు టీ అడుగుతాను.

ఇక మా యజమాని వీరభద్ర సారు. నంద్యాల వైపు భూములున్న కుటుంబం. మంచి మనిషే గానీ పంచాంగం చూడకుండా కొత్త చెప్పులు కూడా తొడగడు. పోయిన ఏడాది కొత్త మెషిన్లు తెప్పించి, అన్నిటినీ వాటిలోకి మార్చాలనుకున్నాడు. మెషిన్లు వచ్చాయి. వాటిలో వేయాల్సిన మంచి డిస్కులు మాత్రం బెంగుళూరులోనే ఆగిపోయాయి. ఇంతలో ఆషాఢం దగ్గరపడింది.

"ఏమ్మా సాజియా, గురువారం పొద్దున దివ్యమైన ముహూర్తం ఉండాది. మొదలుపెట్టేద్దాం," అన్నాడు.

"డిస్కులే రాల్యా సార్. వచ్చినాక నియమాలన్నీ రాసి, ఒకటికి రెండుసార్లు చూసుకోవల్ల."

"అంతలోపల ఆషాఢం వస్తాది గదమ్మా. ఇల్లు కట్టేవాళ్ళు ఏం జేస్తారు? సిమెంటు రాకున్నా ముహూర్తానికి ఒక ఇటుక పెట్టి పూజ జేస్తారు. నువ్వూ ఒక ఇటుక పెట్టు. మిగతాది నిదానంగా కట్టుకుందాం."

దీన్ని నేను వెక్కిరించను. మా అన్న బద్వేలులో షాపు తెరిచినప్పుడు షట్టరు కూడా బిగించలేదు, ముహూర్తం దాటిపోతుందని ఖాళీ గోడల మధ్య స్టవ్ పెట్టి పాలు పొంగించాడు. సాజియా కూడా వెక్కిరించలేదు. చిన్న స్క్రిప్టు ఒకటి రాసింది. చేతికందిన ఒక పాత డిస్కు మీద ఒకే ఒక్క జాగా. దానికి శ్రీకారం అని పేరు పెట్టింది. అందులో ఎవరూ ఏమీ పెట్టరు కదా, నియమం డిలీట్ అనే ఉంచింది. 'ఇది ముహూర్తానికి మాత్రమే, సరుకు పెట్టవద్దు' అని ఆ స్క్రిప్టులోనే పైన రాసి పెట్టింది.

గురువారం మెషిన్లకు పసుపు కుంకుమ పెట్టారు. నీళ్ళు చిందుతాయని టెంకాయ మెట్ల దగ్గర కొట్టారు. పొగకు అలారం మోగుతుందని కర్పూరం బయట వెలిగించి, హారతి మాత్రం లోపలికి చూపించారు. "నొక్కమ్మా, నీ చెయ్యి మంచిది," అన్నాడు సారు. సాజియా బిస్మిల్లా అనుకుని ఎంటర్ నొక్కింది. అందరం కేసరి తిన్నాం.

తర్వాత డిస్కులు వచ్చాయి. సాజియా వారాల తరబడి కూర్చుని అసలు జాగాలు కట్టింది. అన్నిటికీ రిటైన్, అన్నిటికీ వేరే మెషిన్‌లో నకలు. శ్రీకారం ఒక మూల పడి ఉంది. అది ఎవరికీ అడ్డం కాదు, ఎవరూ దాన్ని పట్టించుకోలేదు.

ఆ సమయంలోనే ఒక కంటి ఆసుపత్రి మా దగ్గరికి వచ్చింది. వాళ్ళు వ్యానులో ఊరూరా తిరిగి, షుగరు ఉన్నవాళ్ళ కన్ను లోపలి ఫోటో తీసి మా మెషిన్లలో దాచుకుంటారు. నందికొట్కూరు శిబిరానికి మాబీ కూడా వెళ్ళింది. కంట్లో సన్నటి మచ్చలు ఉన్నాయన్నారు. ఇప్పటికి భయం లేదు, వచ్చే ఏడాది మళ్ళీ ఫోటో తీసి ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తాం, మచ్చలు కదలకుంటే సరే, నడుమకు పాకి ఉంటే మాత్రం లేజరు చేయాలి, లేకుంటే చూపు పోతుంది అన్నారు. మాబీకి చూపు పోవడమంటే సూదీ దారం చేజారిపోవడం. ఆ ఏడాదంతా ఆమె దారం ఎక్కించుకున్న ప్రతిసారీ కూతురు పక్కనుంచి గమనిస్తూనే ఉంది.

"మా అమ్మ కన్ను మన మెషిన్లలోనే ఉండాది అక్కా," అని ఒకరోజు నాతో అంది. అంత గర్వంగా ఆమె మాట్లాడటం నేను అంతకు ముందు వినలేదు.

ఈ ఎండాకాలంలో ఆ పాత డిస్కు తప్పులు చూపించడం మొదలుపెట్టింది. దాన్ని తీసి పారేయాలి. దాని మీదున్న తాత్కాలిక జాగాలన్నిటినీ తుడవడానికి సాజియా ఒక స్క్రిప్టు రాసింది. చాలా వరకు అవినాష్ ప్రయోగాలకు తీసుకుని వదిలేసినవే. ఒక్కోదాని పేరు చదివి "ఇది తీసేద్దునా?" అని అతన్ని అడిగింది. అతను విసుక్కుంటూ ఊ కొట్టాడు. శ్రీకారం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఎవరినీ అడగలేదు. ఆ ఇటుక తన చేత్తో పెట్టిందే. అన్నిటినీ అనుమానించే మనిషి, తను రాసిన మాటను మాత్రం అనుమానించలేదు.

అందరం పెరుగన్నాలు తిని కూర్చున్నాక స్క్రిప్టు నడిపింది. జాగాలు ఒక్కొక్కటిగా పోయాయి. శ్రీకారం అర్జీ ఒక్కటి పోలేదు. దాని పక్కన టెర్మినేటింగ్ అని కనబడుతూ ఉంది, అంటే పోతూ ఉంది, కానీ పోవడం లేదు.

"ఇరుక్కున్యాది," అన్నాడు అవినాష్. "ఆపి మళ్లా ఆన్ చేద్దామా? లేకుంటే బలవంతంగా పీకేద్దాం."

అవినాష్ దగ్గర లోకంలోని అన్ని రోగాలకూ ఈ రెండే మందులు.

"ఉండప్పా," అంది సాజియా. "పోలేదంటే దాంట్లో ఎవరో ఉండారు."

ఆ మెషిన్లకు ఒక దయ ఉంది. అర్జీ రద్దు చేసినా, ఆ జాగాను ఏదో ఒక ప్రోగ్రాము వాడుకుంటూ ఉన్నంతసేపు తుడవవు. ఆ ప్రోగ్రాము బయటికి వచ్చేదాకా ఆగుతాయి. అది బయటికి వచ్చిన క్షణం తుడిచేస్తాయి. సాజియా లోపల ఎవరున్నారో చూసింది. పెదవులు కదిలాయి. ఆగిపోయాయి.

"అవినాష్, కంటి శిబిరాన్ని శ్రీకారంలో ఎవరు పెట్టినారు?"

"నేనే. సారు చెప్పినాడు. ఆసుపత్రోళ్ళది పుణ్యమొచ్చే పని, పూజ చేసిన జాగాలోనే పెట్టు అన్యాడు. పెట్టినా. ఏం, తప్పా?"

తప్పని ఎలా అంటాం? పూజ చేసిన ఇటుకను వదిలేసి పక్కన గోడ కట్టే మనిషి మా సీమలో దొరకడు. సారు స్థానంలో మా అన్న ఉన్నా, మా నాన్న ఉన్నా అదే చెప్పేవాళ్ళు. ఆ స్క్రిప్టు పైన సాజియా రాసిన హెచ్చరిక అవినాష్ చదవలేదు. ఇతరులు రాసింది చదివే అలవాటు అతనికి పుట్టుకతోనే లేదు.

"శిబిరాల ఫోటోలన్నీ దాంట్లోనే ఉండాయి," అంది సాజియా. గొంతు పెంచలేదు. "నకలు ల్యా. మా అమ్మది కూడా దాంట్లోనే. పోతే మళ్లా తీయలేం అక్కా. పోయినేటి కన్ను ఈ ఏడు యాడ దొరుకుతాది?"

నందికొట్కూరు, ఆత్మకూరు, చుట్టుపక్కల పల్లెల్లో కూలి మానుకుని వరుసలో నిలబడి కళ్ళు చూపించుకున్నవాళ్ళందరి ఫోటోలు అవి. ఆ రోజు ఆత్మకూరు అవతల ఒక పల్లెలో శిబిరం నడుస్తోంది. నడుస్తోంది కాబట్టే ప్రోగ్రాము మేలుకుని ఉంది. అక్కడి టెక్నీషియన్ ఏసుకుమార్ శిబిరం ముగిసిందని ఒక బటన్ నొక్కితే ప్రోగ్రాము పడుకుంటుంది. అది పడుకున్న వెంటనే ఫోటోలన్నీ పోతాయి.

సాజియా నా వైపు చూసి, "అక్కా, మూయొద్దని చెప్పు," అంది. నేను ఫోన్ అందుకున్నాను.

"ఏసుకుమార్, శిబిరం అయిపోయిందా?"

"అయిపోయినట్టే మేడం. ఆఖరి అవ్వ ఇప్పుడే పాయ. సామాను సర్దుతాండాం. మూసేద్దునా?"

"మూయొద్దప్పా! ఇంగొకరి కన్ను తీయి."

"యాడుండారు మేడం? ఈడ కుక్కలు తప్ప ఎవరూ ల్యారు."

"నీ కన్ను తీయి. డ్రైవరు కన్ను తీయి. నేను చెప్పేదాకా ఆ బటన్ జోలికి పోవద్దు, నీకు దండం పెడతా!"

ఏసుకుమార్ డ్రైవరు బొజ్జన్నను పిలిచి గడ్డం మిషన్ మీద పెట్టించాడు. "నా కంట్లో ఏం తేడా కనపడింది వాళ్ళకి కర్నూల్లో కూసోని?" అని బొజ్జన్న కేకలు ఫోన్‌లో నాకు వినబడుతున్నాయి.

ఇక్కడ సాజియా చేయాల్సింది ఒక్క మాట మార్చడం. డిలీట్ తీసి రిటైన్ పెట్టాలి. కానీ శ్రీకారం అన్నది అర్జీ పేరే, అసలు జాగాకు ఆ పేరుండదు. మెషిన్ దానికి మూరెడు పొడుగు అక్షరాలు, అంకెలు కలిపి ఒక పేరు పెట్టుకుంటుంది. మొదటి అక్షరాలు ఒకేలా ఉండే పేర్లు మిగతా డిస్కుల మీది జాగాలకూ ఉన్నాయి. ఒకదానికి బదులు ఇంకోదాన్ని మారిస్తే, మార్చామన్న ధీమాతో ఫోటోలను పోగొట్టుకుంటాం. సాజియా అవినాష్‌ను ఒక్కో అక్షరం చదవమంది. తను ఒక్కో అక్షరం తిరిగి చెప్పింది.

"బిన్నా కానీ మే!" అని తొందరపెట్టాడు అవినాష్. చెమటలు పట్టి ఉన్నాడు పాపం.

"బిన్నా ఒక పని చేసింటిమి గదప్పా. ఇదిగో, ఇట్లయింది. నువ్వు చదువు."

చదివాడు. మాట మార్చింది. మెషిన్‌ను మళ్ళీ చూపించమని అడిగి, ఇంకోసారి చదువుకుంది. ఆ పూట ఆమె నెమ్మదిని చూసి నాకు ఒళ్ళు మండలేదు, దండం పెట్టాలనిపించింది. తర్వాత ఫోటోలన్నిటినీ మంచి డిస్కు మీదికి నకలు తీయడం మొదలుపెట్టింది. పాత డిస్కు మీద నమ్మకం లేదు కాబట్టి నకలు పూర్తయ్యేదాకా శిబిరం తెరిచే ఉంచమంది. ఏసుకుమార్‌కు చెబితే, "అయితే టీ తాగొస్తాం మేడం. బొజ్జన్నకు కండ్లు బాగుండాయంట, సంతోషంగా ఉండాడు," అన్నాడు.

నకలు అయ్యింది. అటూ ఇటూ ఉన్న ఫోటోల లెక్క సరిపోయింది. "ఇప్పుడు మూసుకోమను అక్కా," అంది. అక్కడ బటన్ నొక్కారు. ఇక్కడ శ్రీకారం అర్జీ తెర మీద నుంచి మాయమైంది. దాని జాగా మాత్రం సరుకుతో సహా అట్టే నిలిచింది.

"మీ అమ్మది ఒక్కటి తెరిచి చూడరాదా?" అన్నాను.

"వేరేవాళ్ళ సరుకు మనం తెరవకూడదు అక్కా," అంది. కన్నతల్లి కన్ను కూడా ఆమెకు వేరేవాళ్ళ సరుకే! నాకు కోపం వచ్చింది, ముచ్చటా వేసింది.

సాయంత్రం వీరభద్ర సారు వచ్చి అంతా విన్నాడు. కుర్చీలో కూలబడి, "మంచి జరగాలనే అట్ల పెట్టమన్యానమ్మా," అన్నాడు.

"పూజ మంచిదే సార్. నాకొక మాట చెప్పింటే దానికింద పునాది గట్టిగా వేసింటాంటి."

"సరే, ఏం పోలేదు గదా. ఆసుపత్రోళ్ళకు ఇదంతా చెప్పల్నా?"

"ఏం పోలేదు గాబట్టే చెప్పొచ్చు సార్. పోయినాక చెప్పే ధైర్యం మనకు ఉంటాదో లేదో."

ఆయన ఫోన్ తీసుకుని బాల్కనీలోకి వెళ్ళాడు. ఆసుపత్రి వాళ్ళకు తనే చెప్పాడు, తన మాట వల్లే అట్లయిందని కూడా చెప్పాడు. తలుపు పక్కన నిలబడి విన్నాను కాబట్టి నాకు తెలుసు. ఆ రోజు నుంచి సారు మీద నాకు గౌరవం పెరిగింది.

కొన్నాళ్ళకు నందికొట్కూరులో మళ్ళీ శిబిరం పెట్టారు. సాజియా సెలవు పెట్టింది. నేనూ పెట్టాను. మాబీ కంట్లో చుక్కలు వేసి, ఫోటో తీసి, డాక్టరమ్మ ముందు కూర్చోబెట్టారు. ఆమె తెర మీద రెండు ఫోటోలు పక్కపక్కన పెట్టింది. నారింజ రంగు గుండ్రటి బిళ్ళలు, వాటి మీద సన్నటి నరాలు. నాకు రెండూ ఒకేలా కనిపించాయి. డాక్టరమ్మ ముందుకు వంగి చాలాసేపు చూసింది.

"మచ్చలు పాకాయి తల్లీ. పోయిన ఏడాది ఇక్కడున్నాయి, ఇప్పుడు నడుమకు వస్తున్నాయి. లేజరు చేయాలి."

"నాకు బాగనే కనపడతాంది గదమ్మా!" అంది మాబీ. "సూదిలోకి దారం నేనే ఎక్కించుకుంటాండా!"

"అందుకే చెబుతున్నాను. ఈరోజు తీసిన ఫోటో ఒక్కటే ఉంటే నేనూ అదే అనుకునేదాన్ని. ఆరు నెలలాగి రా తల్లీ అని పంపేసేదాన్ని."

మాబీ గిర్రున కూతురి వైపు తిరిగింది. చుక్కల వల్ల ఆమెకు ఏమీ సరిగా కనబడటం లేదు, అయినా తిరిగింది.

"ఆ పాత పోటో కాపాడి పెట్టింది నువ్వే గదా? మధులత చెప్పింది నాకు. అది పోయింటే ఈ పొద్దు చుక్కలేపిచ్చుకోని ఇంటికి పోతాంటి గదనే, హాయిగా!"

నాకు నవ్వు వచ్చింది. సాజియాకు రాలేదు. ఆఫీసులో ఆ రోజంతా ఒక్క కన్నీటి బొట్టు రాల్చని పిల్ల, తల్లి మోకాళ్ళ దగ్గర కూర్చుని, ఆమె ఒడిలో మొహం పెట్టుకుని ఏడ్చింది. మాబీ భయపడిపోయింది. తడుముకుంటూ కూతురి తల మీద చెయ్యి వేసింది.

"ఆరు నెలలకు వచ్చింటే ఏమయితాండె డాక్టరమ్మా?" అని అడిగింది మెల్లగా.

"ఆ కన్ను మిగిలేది కాదేమో."

మాబీ కూతురి జుట్టు సవరిస్తూ కూర్చుంది.

"రేపు కర్నూలుకు రండి, చేసేస్తాను," అంది డాక్టరమ్మ.

"రేపు కాదు. ఈ పొద్దే మీ వ్యానులో వస్తా, రాత్రికి ఆసుపత్రిలోనే పడుకుంటా," అంది మాబీ. "ఇంటికి పోతే నాకు భయమై రేపు రానమ్మా. లెయ్ సాజియా, చెయ్యి పట్టుకో, నాకు దోవ కనపడల్యా."